ముందడుగు నీదే

మేరీ,

నువ్వు చదవవని తెలుసు. కానీ ఈ సంగతి ఇంకెవరికి చెప్పను?

ఈరోజుకి నువ్వు పోయి ఏడాది, ఇంట్లో ప్రార్థన అయింది. పాస్టరుగారు, చుట్టాలు భోంచేసి వెళ్లిపోయారు. సారపాక పేపరుమిల్లు క్వార్టర్లో నేనూ, మన బిడ్డ సునీతా మిగిలాం. నన్ను ఊరికే కూర్చోనివ్వడం ఇష్టంలేక అది టీవీలో సినిమా పెట్టింది. ఇద్దరు జంటగా డాన్సు పోటీకి తయారవుతారు, తగువులాడుకుంటారు, ప్రేమలో పడతారు, చివరికి గెలుస్తారు. నువ్వుంటే కథ వదిలేసి వాళ్ల పాదాలే చూసేదానివి. "మడమ ఎట్ల ఈడుస్తున్నడో చూడు" అని తిట్టేదానివి.

పోటీ పాట రాగానే సునీత లేచి చెయ్యి చాపింది.

"అమ్మ నీకు నేర్పింది గదా నాన్నా. నాకు నేర్పు."

లేచాను. అలవాటు కొద్దీ దాని భుజం మీద చెయ్యి వేశాను. సినిమాలో అమ్మాయిలాగే అదీ నా భుజం మీద వేసింది.

"నడువు నాన్నా."

"నాకు ఎనక్కి నడుసుడే వస్తది బిడ్డా. ముందుకు నడిపేది మీ అమ్మ."

సికింద్రాబాదులో ఈ డాన్సు నేర్చుకొచ్చింది నువ్వు. వంటింట్లో కుర్చీలు జరిపి, నా నడుం పట్టుకుని నెట్టేదానివి. నేను వెనక్కి తిరిగి చూడకుండానే వెళ్లేవాణ్ని. ఒక్కసారీ గోడ తగలనివ్వలేదు.

సునీత నవ్వబోయి ఊరుకుంది. చెయ్యి మాత్రం తీయలేదు. నేనూ తీయలేదు. ఎవరు ముందు కదలాలో తెలియక, పాట అయిపోయేదాకా అలాగే నిలబడ్డాం.

టీవీలో అందరూ లేచి చప్పట్లు కొట్టారు.