ద్వీపపు వైన్, వేయించిన చేప

శుక్రవారం రాత్రి, పారమట్టా

ఈరోజు వంట కోర్సు క్లాసులో హెలెన్ టీచర్ సాంటోరిని ద్వీపపు వైట్ వైన్ పోసింది. వాసన చూసి, దానికి ఏ వంటకం నప్పుతుందో చెప్పాలి. పక్కవాళ్లు నిమ్మతొక్క అన్నారు, సముద్రపు గాలి అన్నారు. నేను ఎంత పీల్చినా ఏమీ లేదు. పోయిన నెల జ్వరంతో పోయిన వాసన పట్టే శక్తి ఇంకా తిరిగి రాలేదు. నాలుకకు పులుపు, కాస్త ఉప్పదనం మాత్రం తగిలాయి.

“వేయించిన చేప,” అన్నాను.

“కరెక్ట్! మరి వాసన?”

“నాకేమీ తెలియడం లేదు.”

అందరూ నా వైపే చూశారు. టీచర్ జాలిగా నా భుజం తట్టింది. డాక్టరేమో వస్తుందనీ అనడు, రాదనీ అనడు. రాకపోతే ఈ పరాయి దేశంలో ఈ చదువు ఎందుకు? కాకినాడలో అమ్మకి ఏం చెప్పను?

ఆ వైన్ పులుపు ఇంకా నోట్లోనే ఉండడంతో, సాయంత్రం ఇంటికి రాగానే ఫ్రిజ్‌లోని చేప తీసి కారం పట్టించి వేయించాను. ఎర్రగా, చక్కగా వేగింది. రెండు కంచాల్లో పెట్టేసరికి రూమ్మేట్ స్వప్న వచ్చి, గుమ్మంలోనే ముక్కు మూసుకుంది.

“ఏంటే ఈ కంపు? చేప కుళ్లిపోయింది కదే! నీకు తెలీలేదా?”

తెలియలేదు. స్వప్న ఇంకాస్త ఆలస్యంగా వచ్చుంటే నేను తినేసేదాన్ని. రేపు ఎవరికైనా పెట్టినా పెడతాను...

అంతా పారేసి, చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడిగాను. తర్వాత వాటిని స్వప్న ముందు చాపాను.

“ఇంకా వస్తోందా?”

అది వంగి వాసన చూసింది. “లేదులేవే,” అంది.

నమ్మడం తప్ప నాకు వేరే దారి లేదు.