తలుపు సందులో దూరే టార్చి

నాన్నా, నేను నిక్షేపంలా ఉన్నాను, నువ్వు బెంగపెట్టుకుని కూర్చోకు. నీ మూడు బ్యాటరీల టార్చి మాత్రం పంపొద్దు. నేను లిఫ్టులు బాగుచేసేదాన్ని, దొంగల్ని తరిమేదాన్ని కాదు. ఒక్క బ్యాటరీది కొనుక్కున్నాను, చొక్కా జేబులో పెన్నులా ఇముడుతుంది. కొట్లో ఒక్కొక్కటే పళ్ల మధ్య పెట్టి చూస్తుంటే "అమ్మా, అవి తినేవి కావు!" అని కొట్టాయన లబోదిబోమన్నాడు. రెండు చేతులూ పనిలో ఉంటే టార్చి పట్టేది నోరే కదా!

నిన్న కరెంటు పోయి ఒక పెద్దావిడ లిఫ్టులో ఇరుక్కుంది. తలుపు బొటనవేలు పట్టేంత తెరుచుకుని ఆగిపోయింది. లోపల చీకటి, ఆవిడ ఒకటే ఏడుపు. ముందు ఆ సందులోంచి టార్చి లోపలికిచ్చాను. ఏడుపు ఆగింది.

"మరి నీకెలా కనపడుతుందే తల్లీ?" అంది.

"మీరు లాకు మీదికి పట్టండి పిన్నిగారూ, నాకూ కనపడుతుంది" అన్నాను.

ఆవిడ చెయ్యి వణక్కుండా పట్టింది, నేను లాకు విప్పాను. బయటికొచ్చాక టార్చి ఇస్తేనా! "ఇది ఉంటేనే మళ్లీ లిఫ్టెక్కుతా" అని కొంగున కట్టేసుకుంది. పోనీలే అని అలాంటిదే ఇంకోటి కొన్నాను.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? తమ్ముణ్ణి నా రెంచీల పెట్టె జోలికి పోవద్దను. నువ్వు మెట్ల మీద అమ్మ వెనకనుంచి టార్చి వేస్తావు, తన నీడే తన కాళ్లకు అడ్డం. ముందు నువ్వు దిగి, తనవైపు తిరిగి పట్టు.

కార్డు నిండింది. అమ్మ పాదాలకు నా దండమూ, నీ టార్చి వెలుగూ.