ఆకు తిరగేసిన నాన్న

తమ్ముడూ,

పత్తి పోయిందని నువ్వు పురుగుమందు తాగి నేటికి ఏడాది. ఎవరికీ అందని ఉత్తరమిది, అయినా రాస్తున్నాను.

ఇంట్లో నీ మంచం చూస్తూ కూర్చోలేడని, మిర్చి లోడుతో నాగపూర్ వెళ్లే లారీలో నాన్నను తీసుకెళ్లాను. పర్చూరు దాటకముందే మొదలుపెట్టాడు.

"చిన్నోడికి సేద్యం చేతకాలేదురా. టైముకి మందు కొట్టుంటే చేను నిలబడేది."

ఏడాదిగా ఇదే మాట. రైతు సభల్లో ప్రభుత్వాన్నీ మందుల కంపెనీలనీ చీల్చి చెండాడే నేను, ఆయనకు మాత్రం ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. నా ఉపన్యాసాలు తగలెయ్య!

రెండో రోజు నాగపూర్ ఇవతల టీ కోసం లారీ ఆగింది. పక్కనంతా పత్తి చేలు. నాన్న దిగి, అలవాటుకొద్దీ ఒక ఆకు తిరగేశాడు. తర్వాత ఇంకోటి. పక్క చేలోకి వెళ్లి మళ్లీ చూశాడు. ప్రతి ఆకు అడుగునా మన చేనుని తినేసిన తెల్లదోమే. ఆయన మొహం పాలిపోయింది.

"ఇక్కడ కూడానా? ఒరేయ్, ఇంతమందికీ చేతకాదంటావా?"



గట్టు మీద ఆ చేను రైతు నిలబడి ఉన్నాడు. నీ ఈడువాడే. నాన్న వెళ్లి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"నీ తప్పు కాదు నాయనా. నీ తప్పేం లేదు."

అతనికి తెలుగు రాదు. ఆ మాట అర్థమయ్యే నువ్వేమో లేవు.

అన్నయ్య