కొత్త పిస్తోలు సంగతి

చిట్టీ,

రెండు పిస్తోళ్ళ ఫోటోలు పంపి, పాతది మార్చి కొత్తది తీసుకోనా అమ్మా అని అడిగావు. ఫోన్లో చెప్పబోతే పెట్టేస్తావు. అందుకని నాకొచ్చిన అక్షరాలతోనే రాస్తున్నాను.

కొత్తది తేలిగ్గా ఉంటుందన్నావు, తూటాలు ఎక్కువ పడతాయన్నావు. ఎవర్ని కాలుస్తావురా? పాతదానికి దసరాకి పసుపూ కుంకుమా పెట్టి దణ్ణం పెట్టడమే గానీ ఒక్కసారైనా పేల్చావా? ఎలక్షన్లప్పుడు దాన్ని పోలీసు స్టేషన్లో అప్పజెప్పి బందరంతా ఉత్త నడుముతో తిరిగావు. రొయ్యల చెరువుల ఆసామీవైనా నిన్నెవడూ ఏమీ చెయ్యలేదు. నీ వంక చూసినవాడు కూడా లేడు.

మన చెరువు గట్టు మీద నీ తమ్ముడు అయ్యప్పని పాము కరిచిన రోజు నీ నడుముకి పిస్తోలు ఉంది, వాడి కాళ్ళకి బూట్లు లేవు. మేత చల్లేవాళ్ళకి బూట్లు దండగన్నది నువ్వే. వాడి దినానికి కూడా అది దోపుకునే వచ్చావు, బంధువులంతా చూడాలని.

ఇప్పుడు వాడి చోట పక్కింటి సత్యవతమ్మ అల్లుణ్ణి పెట్టావు. అతనూ వట్టి కాళ్ళతోనే గట్టు మీద తిరుగుతున్నాడు. సత్యవతమ్మ కూతురు నెల తప్పింది. ఆ పిల్లకి ఎదురుపడాలంటే నాకు భయమేస్తోంది.

కొత్తది వద్దు. ఉన్నదీ పోలీసు స్టేషన్లో ఇచ్చెయ్యి. మన ఊరు హంసలదీవి వచ్చేటప్పుడు మోకాళ్ళ దాకా ఉండే రబ్బరు బూట్లు, మంచి టార్చిలైటు పట్టుకురా. నువ్వు తెచ్చేదాకా అతన్ని గట్టెక్కనివ్వను, నీ రొయ్యలు పస్తుంటాయి. నువ్వు మాత్రం పస్తుండకు నాయనా, వేళకి కడుపునిండా అన్నం తిను.