మన తలుపు రంగు

ఏమయ్యా,

నువ్వు పోయి నేటికి ఐదేళ్లు. ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. అయినా ఈ మాట ఇంకెవరితో అనాలో తెలియక నీకే రాస్తున్నాను.

మన కూతురి కొడుకు నరేశ్ రైలు నడిపే ఉద్యోగానికి పరీక్ష పాసయ్యాడు. కానీ కళ్లు చూసి వద్దన్నారు. వాడికి ఎరుపు, ఆకుపచ్చ వేరువేరుగా కనబడవట. ఇబ్రహీంపట్నంలో కళ్ల డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను.

"తాతకుంటే బిడ్డ నుంచి మనుమడికి వస్తదమ్మా. మీ ఆయనకు గిట్ల ఉండెనా?" అని అడిగాడు.

"ఆయన ముప్పై ఏండ్లు ఇండ్లకు రంగులేసిండు సారూ" అన్నాను. కోపంగానే అన్నాను.

ఆటోలో వస్తుంటే నీ రంగు డబ్బాలు గుర్తొచ్చాయి. పసుపులో నీలం పోసి ఆకుపచ్చ చేసేది నేను. అది ముదురు కావాలంటే ఎరుపు చుక్కలు వేసేదీ నేనే. ఎరుపు కాస్త ఎక్కువైతే మట్టిరంగు అయిపోతుంది. "నీ చెయ్యి మంచిది, నువ్వే కలుపు" అనేవాడివి. ఆ మాటకు ఇన్నేళ్లూ మురిసిపోయాను.

నేను కాన్పుకు మంచాల ఊళ్లో మా తల్లిగారింటికి పోయినప్పుడు, మన తలుపుకు నువ్వొక్కడివే రంగు కలిపావు. తిరిగొచ్చి చూస్తే మట్టిరంగు.

"ఆకుపచ్చ వేస్తనంటివి గదా?" అన్నాను.

నువ్వు తలుపును చూసి, నా మొహం చూసి, "నాకు గిదే నచ్చింది" అన్నావు. రెండు రోజులు నీతో మాట్లాడలేదు. పెచ్చులూడినా ఆ తలుపుకు ఇంకా అదే రంగు.

ఇంటికి రాగానే నరేశ్‌ను దాని ముందు నిలబెట్టి, ఇదేం రంగో చెప్పమన్నాను.

"ఆకుపచ్చనే గదా అమ్మమ్మా" అన్నాడు.