మార్చిన పాళీ

సాగర్,

కుక్కర్లో అన్నం ఉంది. నిన్నటి చేపల పులుసు వేడి చేసుకుని తిను.

బల్ల మీద మూడు పెన్నులు పెట్టాను. ఆఫీసుకు ఏది బాగుంటుందని నెల నుంచి నా బుర్ర తింటున్నావు కదా. సన్న పాళీ ఉన్న నల్లది తీసుకెళ్లు. మీ ఆఫీసు కాగితాల మీద దాని ఇంకు పాకదు. పుట్టినరోజుకి నీ స్నేహితులు ఇచ్చిన లావు పెన్ను సంతకాలకే. మూత తీసి ఫోన్ మాట్లాడి వచ్చేలోపు ఎండిపోతుంది.

మూడోది మీ అమ్మది. నన్ను అడగకుండా దాన్ని బందరు తీసుకెళ్లి పాళీ మార్పించావు. "గీరుతోంది నాన్నా, అందుకే బాగుచేయించా" అని నవ్వుతూ చెప్పావు. మీ అమ్మ ఎడమచేత్తో రాసేది. బడిపిల్లల నోట్సులు దిద్ది దిద్ది ఆ పాళీ ఆమె చేతి వాలుకే అరిగింది. నీ కుడిచేతికి గీరక ఏం చేస్తుంది? పాతది ఏదంటే, కొట్లోనే వదిలేశానన్నావు.

మొదటి బస్సుకి ఆ కొట్టుకే వెళ్తున్నాను. వాళ్లు ఊడ్చి పారేయకముందే గుమ్మంలో ఉండాలి. ఫోన్ చెయ్యకు. సారీ అని మెసేజీ అసలు పెట్టకు.

నాన్న

ఈ చీటీ మీ అమ్మ పెన్నుతోనే రాశాను. ఎక్కడా గీరలేదు. ఇప్పుడది ఎవరి చేతికైనా రాస్తుంది. నువ్వే ఉంచుకో. పాత పాళీ దొరికితే మాత్రం దాని జోలికి రాకు.