గుణశేఖర్ సార్ ఫోల్డర్

మార్చి 3, సోమవారం
రంజాన్ ఉపవాసాల్లో రెండో రోజా. ప్రొద్దుటూరులో అప్పుడే ఎండ మండుతోంది.

బెంగళూరు నుంచి మేనేజర్ ఐశ్వర్య ఫోన్ చేసింది. మా బ్లడ్ బ్యాంక్ సాఫ్ట్‌వేర్ ఏప్రిల్ ఒకటిన పులివెందులలో ఒక ఆసుపత్రిలో మొదలవుతుందట. ఆలోపు సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే టెస్టులన్నీ ఆటోమేషన్‌లోకి రావాలి. మనుషుల్ని ఇవ్వరు. ఒక ఏఐ ఏజెంట్‌ను ఇచ్చారు. అది రాస్తుంది, నేను ఇంటి నుంచే సరిచూడాలి.

మార్చి 5
ఏజెంట్ గంటలో నలభై టెస్టులు రాసింది. సగం మా టెస్టింగ్ టూల్‌లో లేని కమాండ్లు. తప్పు దానిది కాదు. మా టూల్ గురించి ఇంటర్నెట్‌లో ఒక్క ముక్క లేదు. ఉన్నదంతా గుణశేఖర్ సార్ ఫోల్డర్‌లోనే.

ఆ టూల్ తయారుచేసింది ఆయనే. నాకు పని నేర్పింది ఆయనే. షుగర్ వల్ల చూపు పోయి రెండేళ్ల కిందట ఉద్యోగం మానేశారు. వెళ్లేముందు మూడు వందల నోట్సు ఫైళ్లు మాకు వదిలారు.

మార్చి 6
ఫోల్డర్ ఏజెంట్‌కు చూపించాను. ముందు ఇందులో వెతుకు, దొరక్కపోతే దొరకలేదని చెప్పు, ఊహించి రాయొద్దు అన్నాను.

దొరకలేదంది. ముప్ఫైసార్లు.

మార్చి 8
కారణం తెలిసింది. ఏజెంట్ వెతుకుతున్నది ఇంగ్లిష్ మాటలు. సార్ ఇంగ్లిష్ అక్షరాలతో మన సీమ తెలుగు మాటలు రాసిపెట్టారు. “ఈడ తొందరపడొద్దు, తెర నిండేదాకా ఉండల్ల.” చదువుతుంటే ఆయన గొంతే వినిపించింది.

ఒక్కో ఫైల్ తెరిచి, అది దేని గురించో పైన రెండు లైన్లు ఇంగ్లిష్‌లో చేరుస్తున్నాను. ఆయన రాసింది మాత్రం ముట్టుకోవడం లేదు.

అమ్మ వచ్చి, “ఏంది ఫరహత్, పొద్దన్నుంచీ ఆ మిషన్‌కు చదువు చెప్తాండావా?” అంది. అవునన్నాను. “చెప్పు. నీకూ ఎవరో ఒకరు చెప్పినోళ్లే గదా” అని వెళ్లిపోయింది.

మార్చి 15
ఇప్పుడు దొరుకుతున్నాయి. ఏ ఫైల్ చూసి రాసిందో ప్రతి టెస్టు కిందా చెబుతోంది.

మార్చి 19
ఒకచోట ఆగింది. రోగి బ్లడ్ గ్రూపు తప్పుగా ఎక్కితే సరిదిద్దే పేజీ అది. సార్ రాసింది ఒక్క వాక్యమే: “గ్రూపు మారిస్తే కె.బి. చూడు.” కె.బి. అంటే తెలియదని ఏజెంట్ చెప్పేసింది. నాకూ తెలియదు. తెర మీద గ్రూపు సరిగ్గానే మారుతోంది కదా, పాస్ వేసెయ్యమంది ఐశ్వర్య.

వేయలేకపోయాను. రక్తంతో పని. సార్ పాత నంబరు పనిచేయడం లేదు.

మార్చి 22, శనివారం
సార్ ఉండే జమ్మలమడుగుకు బస్సెక్కాను. సార్ భార్య శకుంతలమ్మక్క తలుపు తీసింది. నా గొంతు వినగానే లోపలి నుంచి “ఫరహతేనా?” అన్నారు సార్. రెండేళ్లలో ఒక్కసారి కూడా వచ్చి చూడలేదు నేను. సిగ్గేసింది. ఆయన ఆ మాటే ఎత్తలేదు.

కె.బి. గురించి అడిగితే పెద్దగా నవ్వారు. “కాగితం బొమ్మమ్మా! తెరను నమ్మొద్దు. లేబుల్ ప్రింటయితాది సూడు, ఆ కాగితం మీద ఏ గ్రూపు పడిందో సూడల్ల. రక్తం సంచికి అంటించేది దాన్నే గదా!”

సాయంత్రం రోజా విడిచేదాకా ఉండమంది అక్క. బస్సు పోతుందంటే ఖర్జూరాలు, జామకాయలు కట్టిచ్చింది.

మార్చి 24
కాగితం బొమ్మ అంటే ఏమిటో ఫైల్‌లో చేర్చాను. ఏజెంట్ వెతికింది, పట్టుకుంది, లేబుల్‌ను కూడా చూసేలా టెస్టు మళ్లీ రాసింది.

ఫెయిల్.

తెర మీద ఓ పాజిటివ్. లేబుల్ మీద దిద్దకముందున్న బి పాజిటివ్. నాలుగుసార్లు నడిపాను, నాలుగుసార్లూ అంతే.

ఐశ్వర్యకు ఫోన్ చేసి చెప్పాను. తను వెంటనే రిలీజ్ ఆపించింది. పాస్ వేయమన్నది తనేనని మీటింగ్‌లో అందరి ముందూ చెప్పింది. అలా చెప్పేవాళ్లు ఎంతమంది ఉంటారు!

మార్చి 29
తప్పు సరిచేశారు. ఇప్పుడు తెరా, లేబులూ ఒకటే. పులివెందుల పని వారం వెనక్కి జరిగింది. జరిగితే జరిగింది. అల్లాకు వేల షుక్రియాలు.

మార్చి 31, రంజాన్ పండుగ
షీర్ ఖుర్మా పాయసం, ల్యాప్‌టాప్ తీసుకుని జమ్మలమడుగు వెళ్లాను. సార్‌కు ఒక్క చెంచానే అంది అక్క. ఏజెంట్ చేత ఆయన నోట్సు బయటికి చదివించాను. మన మాటల్ని అది వంకరగా పలుకుతుంటే, సార్ వాటిని మెల్లగా సరిచేసి పలుకుతూ విన్నారు.

“ఇన్ని రాసినానా నేను?” అన్నారు. “ఇంగొకటి సదివించు పాపా.”